కత్తి లేని నరసింహారెడ్డిని చూసి ఎందుకింత కోపం?

కడపలో ఇద్దరు యువ కళాకారులు పెట్టిన ప్రదర్శన మీద ఈ వారం జరుగుతున్న గొడవ చూసి కడుపు మండి రాస్తున్నాను. "చరిత్రను వక్రీకరించారు", "మన వీరుణ్ని అవమానించారు" అంటున్నారు. అనేవాళ్లలో చాలామంది ఆ హాలు గడప కూడా తొక్కలేదు. ఫోన్లలో తిరుగుతున్న ఒక్క ఫొటో చూసి తీర్పు చెప్పేశారు.

ఆ ఫొటోలో ఉన్నది ఉయ్యాలవాడ నరసింహారెడ్డి మీద చేసిన శిల్పం. గుర్రం లేదు, మెలేసిన మీసం లేదు, కత్తి లేదు. నిలువెత్తు కడప బండ, దాని పైనుంచి వేలాడే ఇనుప గొలుసు, గొలుసు చివర ఖాళీ కొక్కెం. బండ మీద ఒకే వరుస చెక్కి ఉంది: 11 రూపాయల 10 అణాల 8 పైసలు. చేసిన కుర్రాడు ఆళ్లగడ్డలో దేవుళ్ల విగ్రహాలు చెక్కుతూ పెరిగినవాడు. ముఖం చెక్కడం వాడికి చేతకాక కాదు.

ఆ అంకె తెలియకపోతే శిల్పం అర్థం కాదు. పాలెగాళ్ల అధికారం లాగేసుకున్న ఈస్టిండియా కుంపిణీ వాళ్లు ఆ కుటుంబానికి నెలనెలా ఇచ్చిన తవర్జీలో, అంటే భరణంలో, నరసింహారెడ్డి వంతు అది. 1846లో ఆయన కోయిలకుంట్ల ఖజానా మీద పడ్డాడు. 1847 ఫిబ్రవరి 22న అక్కడే ఉరి తీశారు. తలను 1877 దాకా కోటకు వేలాడదీసే ఉంచారని చెప్తారు. ముప్పై ఏళ్లు! సంతకు పోయేవాళ్లు, పొలాలకు పోయేవాళ్లు, పిల్లలు అందరూ దాని కిందనుంచే నడిచారు. ఆ ఖాళీ కొక్కెం ముందు నిలబడితే నాకు గొంతు పట్టేసింది. గుర్రమెక్కిన సిమెంటు విగ్రహాలు ఎన్ని చూసినా ఎప్పుడూ అట్లా కాలేదు.

నేనక్కడ ఉన్నప్పుడు ఒక పెద్దాయన ఆ కుర్రాణ్ని అడిగాడు. "ఏం నాయనా, మా రెడ్డి రూపమేదీ?" అని. "ఆయన్ను చూసి గీసిన బొమ్మ ఒక్కటీ నాకు దొరకలేదు పెద్దాయనా. లేని ముఖం నేనెట్లా చెక్కేది?" అన్నాడు వాడు. పెద్దాయన వాదించలేదు. కుర్చీ తెచ్చుకుని ఆ బండ ఎదురుగా చాలాసేపు కూర్చున్నాడు.

కూడళ్లలో మనం దండలు వేసే రూపాలు ఎక్కడివి? వేమనను చూసి గీసినవాళ్లు ఎవరు? మనందరం గుర్తుపట్టే ఆ వేమన కూడా తర్వాతి కాలం చిత్రకారులు ఊహించి ఇచ్చినవాడే. ఆ ఊహకు మొక్కి, ఈ ఊహను తిట్టడం ఏం న్యాయం?

ఇదేదో విదేశాల నుంచి వచ్చిన మోజు అనేవాళ్లు ఒకసారి లేపాక్షి పోయి తలెత్తి చూడండి. పదహారో శతాబ్దపు చిత్రకారులు పురాణ కథల్లోని మనుషులకు విజయనగరం నాటి పొడుగు కుళ్లాయి టోపీలు పెట్టారు, ఆనాటి చీరలు కట్టారు. పాత కథను తమ కాలంలోకి తెచ్చుకున్నారు. తోలుబొమ్మలాటలో రామాయణం మధ్యలో జుట్టుపోలిగాడు, బంగారక్క దూరి ఊళ్లో సంగతులు మాట్లాడతారు. రామాయణం చెడిందని ఎవరూ లేచిపోలేదే!

శిల్పానికి ఎదురుగోడ మీద ఉన్న పెద్ద చిత్రం గురించి ఎవరూ మాట్లాడటం లేదు. నాకు ఎక్కువ బాధ అదే. జమ్మలమడుగు అమ్మాయి గీసింది. లేపాక్షి పైకప్పు మీద లాగే పొడవాటి పట్టీ, అదే ఎర్రమట్టి రంగు, పక్కకు తిరిగిన పెద్ద కళ్ల మనుషులు వరుసగా నడుస్తుంటారు. కానీ వీళ్లు రాజులూ దేవతలూ కాదు, 1876-78 ధాత కరువులో కంకర కొట్టడానికి పోయిన కూలీలు. వరుస చివర ఒక తక్కెడ. రిచర్డ్ టెంపుల్ అనే దొర ఆ కరువులో మగ కూలీకి రోజుకు ఒక పౌండు ధాన్యం, ఒక అణా చాలన్నాడు. పౌండంటే అర కిలో కూడా కాదు. రోజంతా రాళ్లు కొట్టే మనిషికి! అది చాలదని మద్రాసు ఆరోగ్యాధికారి కార్నిష్ అప్పుడే గట్టిగా వాదించాడు. ఆ అమ్మాయి తక్కెడలో గింజల వైపు బంగారు రేకు అద్దింది. దేవుడి కిరీటానికి అద్దే రేకు.

1877 అంటే ఆ కరువు నడుస్తున్న ఏడు. కొక్కెం మీద తల, దాని కింద ఆకలితో నడిచే జనం, రెండూ ఒకే కాలంలో ఉన్నాయి. పుస్తకాల్లో ఒకటి వీరగాథ కింద, ఒకటి కరువు లెక్క కింద విడివిడిగా చదివాం. వీళ్లిద్దరూ ఎదురెదురుగా పెట్టేదాకా నాకు ఆ రెంటినీ కలిపి చూడాలని తోచలేదు. చరిత్రను వక్రీకరించడం కాదిది, అతకడం.

తప్పు పట్టాల్సింది లేకపోలేదు. చిత్రాల పక్కన అతికించిన కాగితాలన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి. తెలుగులో తొలి శాసనమని చెప్పుకునే కలమళ్ల శాసనం దొరికిన జిల్లాలో తవర్జీ కథ, కరువు కథ మన ఊరివాళ్లు చదవలేని భాషలో పెడితే కోపం రాదా? సగం అపార్థం అక్కడే పుట్టింది. వాళ్లకు ఈ మాట మొహం మీదే చెప్పాను.

ఇంకో మాట. ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఉన్న ఊరు మనది. అయినా ఈ పిల్లలు మీటింగులు జరిగే హాలు అద్దెకు తీసుకుని, గోడకు మేకు కొట్టొద్దంటే చిత్రాలను వెదురు గడలకు కట్టుకున్నారు. ఇట్లా అయితే ఎవరైనా హైదరాబాదు మాదాపూర్ గ్యాలరీకే పోతారు. అప్పుడు మన కరువు బొమ్మను చూసేది ఎవరు?

ఆదివారం దాకా ఉంటుంది. టికెట్ లేదు. సాయంత్రమైతే ట్యూబ్‌లైట్ వెలుతురులో బండ మీద చెక్కిన అంకెలు సరిగా కనపడవు, పగటిపూటే వెళ్లండి. పిల్లల్ని తీసుకుపోండి. నచ్చకపోతే ఆ ఇద్దరూ అక్కడే ఉంటారు, ఎదురుగా నిలబడి అడగండి.