గనికో లెక్క, బావికో లెక్క

భూగర్భ గని పైనున్న ఊళ్లో బావులు ఎండగానే రెండు మాటలు వినబడతాయి. ఒకటి, వానలు లేవని. రెండోది, నీటి సంగతి ఎవరూ ముందే చెప్పలేరని. మొదటిది కొన్నిసార్లు నిజం కావచ్చు. రెండోది నిజం కాదు. అది చెప్పేవారికీ ఆ సంగతి తెలుసు.

బొగ్గు తీశాక పైకప్పు గోఫ్‌లోకి, అంటే బొగ్గు తీసిన ఖాళీలోకి, కూలుతుంది. తీసిన మందానికి కొన్ని రెట్ల ఎత్తు వరకు రాయి ముక్కలై పడుతుంది. ఆపైన, రాతి గట్టిదనాన్ని బట్టి సుమారు 20 నుంచి 60 రెట్ల ఎత్తు దాకా పొరలు చీలి, నిలువు పగుళ్లు ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. 3 మీటర్ల సీమ్ (బొగ్గు పొర) మొత్తం తీస్తే ఆ ఎత్తు 60 నుంచి 180 మీటర్లు. అందులో నీరున్న ఇసుకరాయి ఉంటే, ఆ నీరు గనిలోకి దిగుతుంది. ఇది గని ఇంజినీర్ల రోజువారీ లెక్క. చెరువు కింద, నది కింద, సముద్రం కింద బొగ్గు తీయాలంటే ఈ లెక్క లేనిదే పని మొదలు కాదు. సముద్రం అడుగున లాంగ్‌వాల్‌కు (పొడవాటి గోడలా బొగ్గును వరుసగా మొత్తం కోసే పద్ధతికి) పైన కనీసం 105 మీటర్ల రాతి కప్పు ఉండాలని, సముద్రగర్భపు నేల సాగుదల మీటరుకు 10 మిల్లీమీటర్లు మించరాదని బ్రిటన్ జాతీయ బొగ్గు బోర్డు 1968లోనే నియమం పెట్టుకుంది. నీరు నిలిచిన పాత తవ్వకాలకు 60 మీటర్ల లోపు వెళ్లాలంటే ముందస్తు అనుమతి తీసుకోవాలని భారత గని నిబంధనలు చెబుతున్నాయి. నీటి నుంచి గనిని కాపాడటానికి ఇంత లెక్క. గని నుంచి నీటిని కాపాడమన్నప్పుడు మాత్రం అదే లెక్క అసాధ్యమంటున్నారు. మా అభ్యంతరం అంతా ఇక్కడే.

ఇళ్ల విషయంలోనూ ఇదే తంతు. ప్యానెల్ (ఒక విడతగా తవ్వే బొగ్గు భాగం) అంచు నుంచి బయటికి నిలువుకు 35 డిగ్రీల గీత గీసి, కుంగుబాటు ఎంత దూరం పాకుతుందో అంచనా వేస్తారు. 200 మీటర్ల లోతు గనికి అది అంచు దాటి 140 మీటర్లు. ఆ గీతలోపలి గోడలకు, రోడ్లకు సర్వే జరుగుతుంది. అదే గీతలో ఉన్న బావిని ఎవరూ చూడరు.

బొగ్గు అవసరమే. గనికీ బావికీ మధ్య మందమైన బంకరాతి పొర ఉన్నచోట నీరు గనిలోకి దిగిపోయే ముప్పు తక్కువన్నదీ నిజమే. అయితే గనిలోకి చుక్క దిగకపోయినా బావి ఎండగలదు. నేల వంగినప్పుడు పొరల మధ్య సందులు తెరుచుకుంటాయి. ఉన్న నీరే ఎక్కువ ఖాళీలో సర్దుకోవాల్సి రావడంతో మట్టం రోజుల వ్యవధిలో మీటర్ల కొద్దీ పడిపోతుంది. తవ్వకం ముందుకు సాగాక కొన్ని సందులు మూసుకుని మట్టం కొంత లేస్తుంది. లోయలో ఉన్న బావులు తరచూ కోలుకుంటాయి, గుట్ట మీద బావులు ఎన్నటికీ కోలుకోకపోవచ్చు. బోరుబావిలో మరో చిక్కు: పొర మీద పొర జరిగినచోట కేసింగ్ (బోరు లోపలి గొట్టం) వంగి మోటారు ఇరుక్కుంటుంది. కొత్తగా చీలిన రాతిలోని పైరైట్‌కు (ఇనుము, గంధకం కలిసిన ఖనిజానికి) గాలి తగిలి నీటిలో ఇనుము, సల్ఫేటు పెరుగుతాయి. నీరు ఎర్రబారుతుంది.

ఇక పర్యవేక్షణ పేరిట జరిగేది మూడు నెలలకోసారి కొలత. లాంగ్‌వాల్ ముఖం, అంటే బొగ్గు కోసే అంచు, రోజుకు కొన్ని మీటర్లు కదులుతుంది, ఒక బావి కింద నుంచి వారాల్లో దాటిపోతుంది. రెండు కొలతల మధ్యే మట్టం పడటం, కొంత లేవడం జరిగిపోతాయి. రికార్డులో ఏమీ కనిపించదు. ఆ రికార్డునే తెచ్చి నష్టం లేదని వాదిస్తారు.

చేయాల్సింది ఏమిటో గని వర్గాలకు కొత్త కాదు. తవ్వకానికి కనీసం రెండేళ్ల ముందు, వానాకాలం, ఎండాకాలం రెండూ కలిసొచ్చేలా, ప్రభావ పరిధిలోని ప్రతి బావి లోతు, నిలకడ మట్టం, పంపు పరీక్షతో ఊట సామర్థ్యం, కేసింగ్ స్థితి, ఇనుము, సల్ఫేటు నమోదు చేయాలి. ప్యానెల్ పైన వేర్వేరు లోతుల్లో పీజోమీటర్లు (భూమిలోని నీటి ఒత్తిడి కొలిచేవి), రోజూ తనంతట తానే మట్టం నమోదు చేసే పరికరాలు పెట్టాలి. పరిధి అవతల, అదే వాన పడే చోట, పోల్చి చూడటానికి కొన్ని బావులు ఎంచుకోవాలి. వానలు లేకపోవడమే కారణమైతే ఆ బావులూ పడిపోవాలి. అవి నిలిచి ఇవి పడిపోతే వాదనకు ఇంకేమీ మిగలదు. ఇంత తేలికైన పరీక్షను తప్పించుకుంటూ వానను నిందించడం మోసం.

నిరూపణ భారాన్ని బావి యజమాని మీద వేయడం అంతకన్నా అన్యాయం. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రపు 1994 చట్టం ఈ భారాన్ని తిప్పింది: 35 డిగ్రీల పరిధిలో నీరు పోతే గనే కారణమని ముందు భావిస్తారు, కాదని చూపాల్సింది కంపెనీ. ఇళ్లకు వాడే కోణాన్నే అక్కడ నీటికీ వాడారు. అది ఇతర చోట్ల ఎందుకు కుదరదో ఎవరూ చెప్పలేదు.

గని మూసినా ఖర్చు ఆగదు. జర్మనీలోని రూర్ ప్రాంతంలో చివరి గని 2018 డిసెంబరులో మూతపడింది. నేల కొన్నిచోట్ల 20 మీటర్లకు పైగా కుంగింది, కాబట్టి అక్కడ నీరు నిలవకుండా పంపులు నిత్యం నడవాల్సిందే. ఆ ఖర్చుకు అక్కడ ఒక నిధి ఉంది. నిధి లేనిచోట ఆ భారం ఊరిపైనే పడుతుంది.

ఒక ప్యానెల్‌కు లెక్క లేకుండా ఇచ్చిన అనుమతి పక్క ప్యానెల్‌కు ఉదాహరణ అవుతుంది, అది మరో గనికి ఆనవాయితీ అవుతుంది. అందుకే సంతకం పెట్టే అధికారులకు చెబుతున్నాం: గని భద్రత అధ్యాయంలో పగుళ్ల ఎత్తు ఎన్ని మీటర్లని రాశారో చూడండి. భూగర్భ జలాల అధ్యాయంలో ఆ అంకె లేకపోతే ఫైలు తిప్పి పంపండి. చూసి కూడా సంతకం పెడితే, ఎండిన బావికి మీదే జవాబుదారీ.