కార్పొరేటర్ తప్ప అందరూ ఉన్నారు

హైదరాబాద్ మహానగరంలో ప్రజాస్వామ్యం అడుగంటిందని వాపోయేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. వాళ్లను ఒక్కసారి మా డివిజన్‌కు రమ్మనండి. మేం ఒక్కరిని గెలిపిస్తే ఆరుగురు పనిచేస్తున్నారు. గెలిచినావిడ భర్త ఉన్నారు. మరిది ఉన్నారు. డిగ్రీ మధ్యలో వదిలేసి ప్రజాసేవకు అంకితమైన పెద్దకొడుకు ఉన్నాడు. ఎమ్మెల్యేగారి పీఏ ఉన్నారు. డివిజన్ వాట్సాప్ గ్రూపు అడ్మిన్ ఉన్నారు. వీళ్లెవరూ దొరక్కపోతే వార్డు ఆఫీసులో కుర్చీ మీద ఆరేసిన తువ్వాలు ఉంది, దానికి దండం పెట్టుకుని రావచ్చు. కార్పొరేటర్ గారు మాత్రం ప్రమాణస్వీకారం మర్నాడు పేపర్లో పడ్డ ఫొటోలో ఉన్నారు. ఇంత లాభసాటి ప్రాతినిధ్యం ఇంకే నగరానికి దక్కింది?

ఇది గాలి కబురు కాదు, కళ్లారా చూసి చెబుతున్న మాట. మొన్నటి వానాకాలంలో మా గల్లీలో మ్యాన్‌హోల్ పొంగింది. నాలుగు రోజులు ముక్కు మూసుకుని, ఐదో రోజు కార్పొరేటర్ గారింటికి వెళ్లాను. గేటు దగ్గర ఒక కుర్రాడు స్కూటీ మీద కూర్చుని రీల్స్ చూస్తున్నాడు.

"మేడమ్ గారున్నారా?" అన్నాను.

ఎగాదిగా చూశాడు. "మేడమ్‌తోని నీకేం పని?"

"కార్పొరేటర్ గారితో మాట్లాడాలి బాబూ."

"గట్ల చెప్పు మరి. కార్పొరేటర్ సాబ్ లోపల్నే ఉన్నడు. మేడమ్‌ను ఎందుకు పరేషాన్ చేస్తవ్ అంకుల్?"

లోపల సాబ్ సోఫాలో కూర్చుని ఇద్దరికి భూమి తగాదా తీరుస్తున్నారు. మర్యాదస్తులు. "కూసోండ్రి సార్, చాయ్ తాగుండ్రి" అన్నారు. మ్యాన్‌హోల్ సంగతి విని సొరుగు లాగారు. అందులో లెటర్‌హెడ్ల కట్ట. ప్రతి కాగితం అడుగునా ఆవిడ సంతకం ముందే పెట్టి ఉంది, పక్కన రబ్బరు స్టాంపు కూడా. మధ్యలో తెల్లగా ఉన్న జాగాలో నా బాధ రాయించి, మడిచి చేతికిచ్చారు. ఈలోగా ఒకావిడ చాయ్ తెచ్చి, కప్పు బల్ల మీద పెట్టి, మాట్లాడకుండా లోపలికి వెళ్లిపోయింది. ఈ ముఖం ఎక్కడో చూశానే అని దారంతా ఆలోచించాను. ఇంటికొచ్చాక బీరువా అరలో పరిచిన పాత ఎన్నికల కరపత్రం కంటపడింది. నేను ఓటేసింది ఆవిడకే.

మగవాళ్లు ఆడవాళ్ల పదవులు లాక్కున్నారని కొందరు గోల చేస్తారు. వాళ్లకు లోతు తెలియదు. చట్టం మహిళలకు సగం డివిజన్లు కేటాయించింది, 2020లో 150కి 75. డివిజన్ మహిళా రిజర్వు కావడంతో పదేళ్లుగా ఖద్దరు ఉతికించుకుంటూ ఎదురుచూస్తున్న పెద్దమనిషి ఏమైపోవాలి? ఉరి పోసుకోవాలా? మా నగరం ఆ కష్టాన్ని కనిపెట్టి, ఆడవాళ్లకు రిజర్వేషన్, మగవాళ్లకు ఉపాధి, రెండూ ఒకే చోట కల్పించింది. సొంతంగా తిరిగి, సొంతంగా సంతకం పెట్టి, కౌన్సిల్ మీటింగులో సొంత గొంతుతో అడిగే మహిళా కార్పొరేటర్లు లేరని కాదు. ఉన్నారు, నేనూ చూశాను. ఆ సమయంలో బల్దియా (నగరపాలిక) ఆఫీసు బయట కారు ఆనుకుని గోళ్లు కొరుక్కుంటూ నిలబడే వాళ్ల భర్తలనూ చూశాను. కడుపు తరుక్కుపోతుంది.

అందుకని ఎన్నికల సంఘానికి ఒక మనవి. నామినేషన్ పత్రంలో ఇంకో గడి కలపండి: 'గెలిస్తే పనిచేయబోయేవారి పేరు, అభ్యర్థికి వారితో బంధుత్వం'. ఫొటో కూడా తీసుకుంటే ఓటర్లకు తర్వాత గుర్తుపట్టడం సులువు.

ఇక ఆ ఉత్తరం సంగతి. మ్యాన్‌హోల్ బల్దియాది కాదట, నీళ్లూ మురుగూ చూసే జలమండలిదట. 1989లో దానికి వేరే చట్టం చేసి, వేరే బోర్డు పెట్టారు. కార్పొరేటర్ ఉత్తరం అక్కడ మామూలు పౌరుడి దరఖాస్తుతో సమానం. కరెంటు స్తంభం కరెంటు కంపెనీ డిస్కందట. మాస్టర్ ప్లాన్ నగరాభివృద్ధి సంస్థ హెచ్ఎండీఏదట. చెరువు కబ్జా అయితే 2024 నుంచి హైడ్రా అనే వేరే సంస్థ ఉంది. 74వ రాజ్యాంగ సవరణ నగరపాలికలకు అప్పగించదగ్గ పనులంటూ 18 రాసింది, నీళ్లూ పట్టణ ప్రణాళికా సహా. అవన్నీ తలా ఒక బోర్డుకు పంచగా కార్పొరేటర్ వాటాకు మిగిలింది శిలాఫలకం.

ఆ శిలాఫలకాన్నయినా సరిగ్గా చూశారా? మా గల్లీ మొగదల ఒకటుంది. సీసీ రోడ్డు ప్రారంభోత్సవానిది. పైన మంత్రిగారు, ఆ కింద ఎంపీగారు, ఎమ్మెల్యేగారు, ఎమ్మెల్సీగారు, మేయర్ గారు. అట్టడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో కార్పొరేటర్. ఆ తర్వాత పాత రోడ్డు తవ్వకుండానే దాని మీద ఇంకో రోడ్డు వేశారు. ఎన్నికల ముందు మరొకటి. రోడ్డు ఎత్తు పెరిగి ఫలకం కింది వరుస భూమిలోకి పోయింది. ఇప్పుడు చదివితే మా డివిజన్‌లో మేయర్ దాకా అందరూ ఉన్నారు, కార్పొరేటర్ లేరు. ఇళ్లలోకి వాననీళ్లు వస్తున్నాయంటారా, అది వేరే శాఖ.

డబ్బు కోసం రాజకీయాల్లోకి వస్తారనే అపవాదు ఒకటుంది. లెక్క కట్టి చూద్దాం. 2021లో పెంచాక కార్పొరేటర్‌కు నెలకు ఇచ్చేది 7,800 రూపాయలు. అరవై నెలలూ ఒక్క రూపాయి ముట్టుకోకుండా దాచినా 4,68,000. 2020 ఎన్నికల్లో ఒక్కో అభ్యర్థి ఖర్చు పరిమితి 5 లక్షలు. అంటే నిబంధన ప్రకారం పైసా అటూఇటూ కాకుండా ఖర్చుపెట్టి గెలిచినవాళ్లు కూడా ఐదేళ్ల తర్వాత 32 వేలు నష్టంతో ఇంటికి వెళ్లాలి. అయినా ఆ ఎన్నికల్లో వెయ్యికి పైగా అభ్యర్థులు పోటీపడ్డారు. నష్టమని తెలిసి తెలిసి ఇంతమంది ఎగబడ్డారంటే ఈ నగరంలో త్యాగానికి లోటుందా? ఐదేళ్ల తర్వాత వాళ్ల ఇళ్లకు ఒక అంతస్తు లేచిందంటే అది పొదుపు మహిమ. మనకు ఆ క్రమశిక్షణ లేక మనం అద్దెకుంటున్నాం.

పార్టీల విషయంలోనూ మా నగరం ముందే ఉంది. 2020లో అప్పటి టీఆర్ఎస్‌కు 56, బీజేపీకి 48, మజ్లిస్‌కు 44, కాంగ్రెస్‌కు 2 వచ్చాయి. (మజ్లిస్‌కు 2016లోనూ 44 వచ్చాయి. ఈ నగరంలో రోడ్డు, నాలా, పార్టీ ఏదీ ఉన్నచోట ఉండదు, ఆ అంకె ఒక్కటి తప్ప.) మేయర్‌ను ఎన్నుకునేటప్పుడు కార్పొరేటర్లతోపాటు ఎక్స్ అఫిషియో (పదవిరీత్యా సభ్యుల) హోదాలో ఎంపీలు, ఎమ్మెల్యేలు, ఎమ్మెల్సీలు కూడా చేతులెత్తుతారు. మన గల్లీ మొహం చూడనివాళ్లకూ మన మేయర్ విషయంలో ఒక ఓటుంటుంది. ప్రభుత్వం మారాక 2024లో మొదట డిప్యూటీ మేయర్, తర్వాత మేయర్ గద్వాల విజయలక్ష్మి కాంగ్రెస్‌లో చేరారు. రెండు డివిజన్లు గెలిచిన పార్టీకి మేయర్, డిప్యూటీ మేయర్ ఇద్దరూ దక్కారు. ఫిరాయింపుల చట్టం ఎంపీలకూ ఎమ్మెల్యేలకేగాని నగరపాలికలకు వర్తించదు. వేల కోట్ల బడ్జెట్ ఉన్న నగరం పార్టీ మారితే మారనీ అని రాజ్యాంగం పెద్దమనసుతో వదిలేసింది.

అసలు అదే ఎన్నికల్లో ఓల్డ్ మలక్‌పేటలో ఇంకో ముచ్చట జరిగింది. సీపీఐ అభ్యర్థి గుర్తు కంకి కొడవలి. బ్యాలెట్ మీద అచ్చయింది సీపీఎం గుర్తు, సుత్తి కొడవలి నక్షత్రం. పోలింగ్ ఆపి డిసెంబర్ 3న మళ్లీ పెట్టారు. తప్పు జరిగిందని అందరూ నొచ్చుకున్నారు గాని, భర్త బదులు భార్య, భార్య బదులు భర్త నడిచే చోట గుర్తు బదులు గుర్తు వస్తే అంత రభస అవసరమా?

2020లోనే చట్టం సవరించి వార్డు కమిటీలు కూడా పెట్టారు. యువతకు ఒకటి, మహిళలకు ఒకటి, సీనియర్ సిటిజన్లకు ఒకటి, ప్రముఖులకు ఒకటి. ఒక్కోదానిలో 25 మంది. డివిజన్‌కు నూరు, నగరం మొత్తానికి 15 వేల మంది. మా అపార్ట్‌మెంటులో యువత ఉంది, మహిళలున్నారు, సీనియర్ సిటిజన్లయితే లిఫ్టు నిండా ఉన్నారు, ప్రముఖులమని ఎవరికి వాళ్లం అనుకుంటూనే ఉన్నాం. ఆ కమిటీలో ఫలానా ఆయన ఉన్నాడని చెప్పినవాడు మాత్రం ఇంతవరకు తగల్లేదు. బహుశా వాళ్ల బదులు వాళ్ల బావమరుదులు వెళ్తున్నారేమో.

అందరికంటే పెద్ద బదులు మనిషి, పాలకమండలి లేనప్పుడు నగరాన్ని నడిపే ప్రత్యేకాధికారి. నగరపాలిక గడువు తీరేలోగా ఎన్నికలు జరిపి తీరాలని రాజ్యాంగం 243-యు అధికరణంలో రాసుకుంది, పాపం. 2002 ఎన్నికలకు ముందు పదేళ్లకు పైగా ఈ నగరానికి పాలకమండలి లేదు. 2007 ఏప్రిల్‌లో 12 మున్సిపాలిటీలు కలిపి గ్రేటర్ చేశారు, కార్పొరేటర్లు వచ్చింది 2009 చివర్లో. 2014 డిసెంబర్‌లో గడువు తీరింది, మళ్లీ ఎన్నికలు 2016 ఫిబ్రవరిలో. 2020లో ఎన్నికైన మండలికి నూరేళ్లూ 2026 ఫిబ్రవరి 10 దాకానే. పోయిన మూడుసార్లూ కార్పొరేటర్ లేడని మా గల్లీలో ఎవరూ గుర్తుపట్టలేదు. దోమల మందు బండి ఎప్పటిలాగే రాలేదు.

నేరమంతా నాయకులదే అనడం కూడా అన్యాయం. ఓటరు మాత్రం ఊళ్లో ఉన్నాడా? 2020లో నగర ఓటర్లు 74 లక్షలకు పైనే, డివిజన్‌కు సగటున 50 వేలకు కాస్త తక్కువ. పోలైంది 46.55 శాతం. అంటే 23 వేలు. అది మూడు పార్టీలు పంచుకుంటే పదివేల ఓట్లవాడు కార్పొరేటర్. అంతకుముందు 2009లో 42 శాతం, 2016లో 45. సెలవిచ్చారు, ఊరుకోకుండా సినిమావాళ్లతో చెప్పించారు, కదల్లేదు. కదలడం చేతగాకనా అంటే, మొన్న 2025 డిసెంబర్‌లో పంచాయతీ ఎన్నికలప్పుడు చూడాల్సింది. ఉప్పల్‌లో, ఎల్బీనగర్‌లో, జేబీఎస్‌లో బస్సులు కిక్కిరిసిపోయాయి. పల్లెల్లో పోలింగ్ 80 శాతం దాటింది. మా పై ఫ్లాటాయన, ఇక్కడ పోలింగ్ బూత్ మా సందు చివరి స్కూల్లోనే ఉన్నా ఏనాడూ వెళ్లనివాడు, సర్పంచ్ ఓటు కోసం చలిలో నాలుగింటికి లేచి నల్లగొండ బస్సెక్కాడు. ఎందుకండీ అంటే, "అక్కడ మనోడు నిలబడ్డాడు సార్" అన్నాడు. ఇక్కడెవరు నిలబడ్డారో తెలుసా అంటే, "ఇక్కడ మనకేం పని?" అన్నాడు. ఇరవై ఏళ్లుగా ఇక్కడే ఉంటున్నాడు, ఆస్తిపన్ను ఎర్లీ బర్డ్ రాయితీలో కడతాడు.

ఇప్పుడు ఏ వార్డులో ఉన్నామో కూడా తెలియని శుభగడియ వచ్చింది. 2025 చివర్లో చుట్టుపక్కల 27 మున్సిపాలిటీలనూ కార్పొరేషన్లనూ కలిపేసి, 150 డివిజన్లను 300 చేశారు. నగరం రెండు వేల చదరపు కిలోమీటర్లు దాటింది. ముసాయిదా మీద అభ్యంతరాలు చెప్పుకోవడానికి మొదట వారం గడువిచ్చారు. మ్యాపులో తన ఇల్లు వెతుక్కోవడానికే మనిషికి వారం పట్టింది. మా గల్లీకి ఎడమ పక్కవాళ్లు ఒక డివిజన్, కుడి పక్కవాళ్లు ఇంకో డివిజన్ అంటున్నారు. మధ్యలో ఉన్న మ్యాన్‌హోల్ ఎవరిదని అడగబోయి ఊరుకున్నాను, అది ఎలాగూ జలమండలిది.

ఎన్నికలు ఎప్పుడో, రిజర్వేషన్ ఏమొస్తుందో ఇంకా ఎవరికీ తెలియదు. ఒకాయనకు తప్ప. ఆయన ఏ పార్టీవారో చెప్పను, వారానికోసారి ఆయనే చెబుతుంటారు. సంక్రాంతి శుభాకాంక్షల ఫ్లెక్సీ చౌరస్తాలో నిలువెత్తున కట్టించారు. కుడివైపు ఆయన నల్లకళ్లద్దాలతో, ఎడమవైపు ఆయన భార్య పట్టుచీరతో, మధ్యలో ఎందుకైనా మంచిదని వాళ్లమ్మ. ముగ్గురూ చేతులు జోడించారు. కింద 'మీ కాబోయే కార్పొరేటర్' అని రాయించి, బాణం గుర్తు మాత్రం వేయించలేదు. నిన్న పాలప్యాకెట్ల దుకాణం దగ్గర ఎదురుపడితే అడిగాను.

"జనరల్ అయితే మీరు, మహిళ అయితే మేడమ్ లేదా అమ్మగారు. బాగానే ఉంది. ఎస్సీ రిజర్వు అయితే ఎట్లన్నా?"

ఆయన చిన్నగా నవ్వి, కారు వైపు చెయ్యి చూపించారు.

"మా డ్రైవర్ ఉన్నడు కదా సార్. మనింటి మనిషే."