లూప్ లైన్లో ఆపిన బండిలోంచి బుల్లెట్ ట్రైను గురించి

2026 ఫిబ్రవరి 1న బడ్జెట్లో ఏడు హైస్పీడ్ రైలు (బుల్లెట్ ట్రైను) కారిడార్లు ప్రకటించారు. అందులో మూడు హైదరాబాద్‌కి తగిలేవే: పుణె, బెంగళూరు, చెన్నై. ఆ రోజు నుంచి మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఒకటే సంబరం. హైదరాబాద్‌లో ఉన్న మా బావ నన్ను ట్యాగ్ చేసి మరీ అడిగాడు, "ఏరా, రోజూ రైలెక్కేవాడివి, నువ్వేం మాట్లాడవేంటి?" అని. గ్రూపులో రెండు ముక్కల్లో చెప్తే తగువైపోతుంది. అందుకే తీరిగ్గా ఇక్కడ రాస్తున్నాను. బావా, ఇది నీకే.

నా ఉద్యోగం విజయనగరంలో, ఇల్లు శ్రీకాకుళంలో. బయటివాళ్లకి తెలియదు గాని, జిల్లా కేంద్రమైన మా ఊళ్లో రైల్వే స్టేషనే లేదు. "శ్రీకాకుళం రోడ్డు" అని బోర్డున్న స్టేషను ఉండేది ఆమదాలవలసలో, ఊరికి సుమారు 13 కిలోమీటర్ల దూరంలో. పొద్దున్నే అక్కడికి ఆటోలో పోయి పాసింజరెక్కడం, సాయంత్రం మళ్లీ పాసింజర్లోనే రావడం. ఏళ్లుగా ఇదే.

పోయిన నెల తిరుగు ప్రయాణంలో నా ఎదురు సీట్లో ఓ భార్యాభర్తలు. ఉద్దానం మనుషులు, కవిటి వైపు. ఆయనకి కిడ్నీ జబ్బు. డయాలిసిస్ కోసం విశాఖలో చేతికి ఫిస్టులా (సూది గుచ్చడానికి వీలుగా రక్తనాళాలు కలిపే ఆపరేషను) వేయించుకుని వస్తున్నారు. ఆ చెయ్యి నొక్కుకోకూడదు, దానిమీద బరువు పడకూడదు. ఆవిడ తువ్వాలు నాలుగు మడతలు పెట్టి ఆ చేతికీ కిటికీ ఊచలకీ మధ్యన ఉంచింది. ఇటుపక్క తన మోచెయ్యి అడ్డం పెట్టి, నిలబడ్డ జనం ఆయన మీదకి ఒరక్కుండా ఆపుతోంది. మందుల చీటీలున్న సంచి ఒళ్లో.

మధ్యలో ఓ చిన్న స్టేషన్లో మా బండిని లూప్ లైన్లోకి, అంటే మెయిన్ లైను పక్కనుండే పట్టాల మీదకి, తీసి ఆపేశారు. ముందు బొగ్గు గూడ్సు పోయింది. తర్వాత ఓ ఎక్స్‌ప్రెస్సు. ఆ తర్వాత చాలాసేపు ఏమీ లేదు, చీకటి పడింది. చివరికి ఇంకో వేగం బండి దుమ్ము లేపుకుంటూ పోయింది. ఆవిడ నన్నే అడిగింది, "నాయినా, మన బండికి సిగ్నలెప్పుడిస్తాడేటి? పలాసలో ఆకరి బస్సెళిపోతాది." నా దగ్గర సమాధానం లేదు. మేం కదిలేసరికి యాభై అయిదు నిమిషాలైంది.

దీనికి ఆ రోజు డ్యూటీలో ఉన్నవాళ్లని తిట్టి లాభం లేదు. ఉన్నవి రెండే దారులు, పోయేది ఒకటి, వచ్చేది ఒకటి. హౌరా–చెన్నై ఎక్స్‌ప్రెస్సులూ, పోర్టులకి పోయే గూడ్సులూ, వందే భారతూ, తిలారు, ఉర్లాం, దూసి అని ప్రతి ఊళ్లోనూ ఆగే మా పాసింజరూ, అన్నీ వాటిమీదే పోవాలి. వెనకాల వచ్చే బండి ఎంత వేగంగా వస్తుంటే ముందున్న నెమ్మది బండిని అంత ముందుగా పక్కకి తప్పించాలి. అంటే లైను పెంచకుండా వేగం బండ్లు పెంచినప్పుడల్లా, ఆ వేగానికి అయ్యే ఖర్చులో కొంత మా పాసింజరు జనం తమ సాయంత్రాలతో కడుతున్నారు. ఈ ఖర్చు ఏ బడ్జెట్ పుస్తకంలోనూ రాయరు.

"బుల్లెట్ ట్రైను వేరే లైను మీద పోతుంది, మీ పాసింజర్ని ఆపదు కదా" అంటావు. నిజమే బావా, ఒప్పుకుంటాను. వేగం బండికి వేరే దారి వెయ్యడమే సరైన పద్ధతి. నువ్వెప్పుడూ చెప్పే జపాన్ కూడా అదే చేసింది. 1964 అక్టోబరు 1న టోక్యో–ఒసాకా బుల్లెట్ ట్రైను షింకన్‌సెన్ మొదలుపెట్టారు. బండ్లు గుద్దుకునో పట్టాలు తప్పో అందులో ఇంతవరకూ ఒక్క ప్రయాణికుడూ చచ్చిపోలేదు. కానీ వాళ్లు ఆ లైను ఎందుకు వేశారు? ఆ ఊళ్ల మధ్య అప్పటికే ఉన్న పాత తోకైదో లైను బండ్లతో నిండిపోయి ఇంకొకటి పట్టని స్థితికి వచ్చింది గనక. మన లైను కూడా నిండిపోయింది. మరి దీనికి కావాల్సిన దారి ముందు వెయ్యమంటే నేను అభివృద్ధికి అడ్డమెలా అవుతాను?

లెక్క చూడు. ముంబయి–అహ్మదాబాద్ బుల్లెట్ ట్రైను 508 కిలోమీటర్లు. మొదటి అంచనా 1,08,000 కోట్లు. కిలోమీటరుకి 212 కోట్ల పైచిలుకు. 2017 సెప్టెంబరులో శంకుస్థాపన, 2023 కల్లా పూర్తన్నారు. ఆ గడువు దాటిపోయింది. ఇక 2023 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం దేశం మొత్తం మీద ఏడు లైన్ల పనులకి ఒకేసారి ఆమోదం తెలిపింది. అన్నీ కలిపి 2,339 కిలోమీటర్లు, సుమారు 32,500 కోట్లు. అంటే బుల్లెట్ ట్రైను డబ్బులో మూడో వంతు కూడా కాదు. మన ఖుర్దారోడ్–విజయనగరం మూడో లైను ఆ ఏడింటిలోదే. ఇచ్ఛాపురం నుంచి నెల్లిమర్ల దాకా మా పాసింజరు ఆగి చూస్తున్నది ఆ లైను కోసమే.

"జపాన్ 0.1 శాతం వడ్డీకిస్తోంది, యాభై ఏళ్లలో తీర్చొచ్చు, దాదాపు ఉచితమే" అని కూడా నువ్వే అన్నావు. ప్రాజెక్టులో 81 శాతం ఆ అప్పే, వడ్డీ తక్కువే, కాదనను. కానీ ఆ అప్పు యెన్‌లలో తీర్చాలి. యాభై ఏళ్లలో రూపాయి ఎక్కడుంటుందో నువ్వూ నేనూ చెప్పలేం. వడ్డీ తక్కువైనా అసలు అసలే కదా. కొత్తగా చెప్పిన ఏడు కారిడార్లకీ ఇలాంటి అప్పే దొరుకుతుందని ఎవరైనా రాసిచ్చారా?

ఇక కంటకాపల్లి. ఆ పేరు చెప్తే ఈ రెండు జిల్లాల్లో ఇంకా జనం మాట ఆపి వింటారు. 2023 అక్టోబరు 29, ఆదివారం సాయంత్రం. కంటకాపల్లి–అలమండ మధ్యన విశాఖ–పలాస పాసింజరు నెమ్మదిగా పోతోంది. వెనక నుంచి విశాఖ–రాయగడ పాసింజరు వచ్చి గుద్దింది. పద్నాలుగు మంది పోయారు. చెడిపోయిన సిగ్నళ్ల దగ్గర పాటించాల్సిన నియమం వెనక బండి డ్రైవరు పాటించలేదని ప్రాథమిక విచారణలో అన్నారు. ఆ డ్రైవరు కూడా ఆ పద్నాలుగు మందిలోనే ఉన్నాడు. మనిషి తప్పు చెయ్యడు అనుకుని లైను నడపకూడదనే కదా కవచ్ అనే రక్షణ వ్యవస్థ తయారు చేసింది. డ్రైవరు ఎర్ర సిగ్నలు దాటినా, ఎదురుగానో వెనకనో ఇంకో బండి ఉన్నా దానంతటదే బ్రేకు వేస్తుంది. 2022 మార్చిలో రైల్వే మంత్రి స్వయంగా ఇంజన్లో కూర్చుని సికింద్రాబాద్ డివిజన్లో పరీక్ష చూపించారు. ఏడాదిన్నర తర్వాత కంటకాపల్లి. ఆ రోజుకి మా లైన్లో కవచ్ లేదు.

కవచ్‌కి పట్టాల పక్కన, స్టేషన్లలో పెట్టే సామానుకి కిలోమీటరుకి సుమారు 50 లక్షలని, ఇంజనుకి 80 లక్షలని ప్రభుత్వమే పార్లమెంటులో చెప్పింది. విశాఖ నుంచి పలాసకి సుమారు 200 కిలోమీటర్లు. అంటే లైను సామాను ఖర్చు వంద కోట్లు. బుల్లెట్ ట్రైను అర కిలోమీటరు కట్టే డబ్బు! ఈ లెక్క వేసుకున్న రాత్రి నాకు చాలాసేపు నిద్రపట్టలేదు. కంటకాపల్లిలో దెబ్బతిన్న ఆ పలాస పాసింజరు నేను రోజూ ఎక్కే బండి.

హైదరాబాద్ నుంచి చెన్నైకి రెండు మూడు గంటల్లో పోవాలని కోరుకోవడం తప్పు కాదు బావా. మీ పిల్లలు ఎక్కుతారు, ఎక్కాలి. నేను అడిగేది వరస. ఆ కారిడార్లకి టెండర్లు పిలిచే ముందు మా మూడో లైను ఏ స్టేషను నుంచి ఏ స్టేషను దాకా అయిందో, కవచ్ ఎన్ని కిలోమీటర్లు పనిచేస్తోందో, మిగతాది ఏ నెలకి పూర్తవుతుందో ఆమదాలవలస, విజయనగరం, పలాస ప్లాట్‌ఫారాల మీద రైల్వే వాళ్లు బోర్డు కట్టాలి. నెలనెలా మార్చాలి. ఇంటికి సున్నం వేస్తేనే అయిన ఖర్చు గోడమీద రాసుకునే మనుషులం, మా పన్నుల డబ్బుకి ఆ మాత్రం లెక్క అడగడానికి మాకు హక్కుంది.

నేను ఓ నోటు పుస్తకం పెట్టాను. మీరూ పెట్టండి. పలాస, గుణుపురం, రాయగడ పాసింజర్లు ఎక్కేవాళ్లు ఎవరైనా సరే, బండి ఆపిన స్టేషను, తేదీ, ఆపిన టైము, వదిలిన టైము, ఈ నాలుగూ రాసి కింద కామెంట్లో పెట్టండి. నెలాఖరుకి అన్నీ ఒక కాగితం మీద ఎక్కించి రెండు జిల్లాల ఎంపీల ఆఫీసులకీ నేనే పట్టుకెళ్లి ఇస్తాను. రసీదు కూడా తీసుకుని ఇక్కడ పెడతాను.