జిమ్మీ మళ్లీ ఆర్మీలో చేరాడట!

ముందే చెప్పేస్తున్నా, ఇది 2011 డిసెంబరు 11న వచ్చిన ఎపిసోడ్ గురించి. ఇన్నేళ్ల తర్వాత కూడా స్పాయిలర్ ఇచ్చానని నా మీద పడితే నేనేం చెయ్యలేను. ‘బోర్డ్‌వాక్ ఎంపైర్’ అనే అమెరికన్ టీవీ సిరీస్ ఎప్పటికైనా చూద్దామని పక్కన పెట్టుకున్నవాళ్లు ఇక్కడే ఆగిపోండి. రెండు సీజన్లు, 24 ఎపిసోడ్లు చూసేసి రండి. పోస్టు ఎక్కడికీ పారిపోదు.

మొన్న మా పెద్దమ్మ కొడుకు ఫ్యామిలీ గ్రూపులో ఒక రీల్ పడేశాడు. రెండో సీజన్ ఆఖరి ఎపిసోడ్ ‘టు ద లాస్ట్’లో నక్కీ థాంప్సన్ జిమ్మీని చంపే సీన్. నక్కీ అంటే మద్యనిషేధం రోజుల్లో అట్లాంటిక్ సిటీని ఏలుతూ దొంగచాటుగా మందు అమ్మించే రాజకీయ నాయకుడు, జిమ్మీ అంటే అతను పెంచిన కుర్రాడు. (నక్కీ అని తెలుగులో రాస్తే నక్క గుర్తొస్తుంది. రానివ్వండి, తప్పేం లేదు.) రాత్రిపూట, జోరువాన. అసలు సౌండ్ తీసేసి డప్పులతో సహా మన సినిమా బీజీఎం ఒకటి తగిలించారు. తను క్షమించమని అడగడానికి రాలేదని నక్కీ అనే మాట పసుప్పచ్చ అక్షరాల్లో ఒక్కో పదం ఎగురుకుంటూ వస్తుంది. కింద మావాడి కామెంటు: “అక్కా, ఏం ఎలివేషన్ అక్కా! మాస్!” గ్రూపులో ఉన్న మా పిన్నికి అదేంటో అర్థంకాక రెండు దండాలు పెట్టింది.

నాకు ఆ రోజంతా ఒళ్లు మండుతూనే ఉంది. అది ఎలివేషన్ ఏంట్రా?

ఆ సీన్‌లో ఉన్నదేంటో ఒకసారి చూడండి. తన మీద హత్యాప్రయత్నం చేయించినవాడిని చంపడానికి వచ్చాడు నక్కీ. వెనక మనుషుల్ని పెట్టుకుని వచ్చాడు. జిమ్మీ చేతిలో ఏమీ లేదు. అతని భార్య ఏంజెలాని చంపిన మానీ హోర్విట్జ్ దొరికాడు, వచ్చి పని పూర్తిచెయ్యి అని ఫోన్ చేసి పిలిపించారు. అది వల అని జిమ్మీకి తెలుసు. అందుకే తన నేస్తం రిచర్డ్‌ని వెంట రానివ్వలేదు. సగం మొహం యుద్ధంలో పోగొట్టుకుని రేకు మాస్కు తగిలించుకుని తిరిగే ఆ రిచర్డ్ పక్కనుంటే కథ ఇంకోలా నడిచేదేమో. జిమ్మీకే అక్కర్లేదు. పిలిచిన చోటు కూడా యుద్ధ స్మారకం దగ్గర. అదే సీజన్‌లో అంతకుముందు దాని ప్రారంభోత్సవంలో జనం ముందు జిమ్మీని మాట్లాడమని ఇరికించిందీ నక్కీయే.

అక్కడ, ఆ వానలో, చావబోయేవాడు చంపబోయేవాడికి ధైర్యం చెప్తాడు. తను మొదటిసారి మనిషిని చంపినప్పుడు ఎలా ఉండిందో, తర్వాత ఎలా అలవాటైందో, ఊపిరి ఎలా తీసుకోవాలో. ఇంజెక్షన్‌కి ఏడ్చే పిల్లాడిని ఒళ్లో కూచోబెట్టుకుని ఏం కాదమ్మా అన్నట్టు. తను ఎప్పుడో యుద్ధంలో, కందకంలోనే చచ్చిపోయానని, ఆ సంగతి నక్కీకి తెలుసనే అనుకున్నానని అంటాడు. నక్కీ తన చేత్తో మనిషిని చంపడం మనం చూడటం అదే మొదటిసారి. అంతవరకూ అన్నీ పురమాయింపులే. మొదటి గుండు మొహానికి తగిలి జిమ్మీ పడిపోతాడు కానీ చావడు. రెండోది కాల్చాలి. ఆ రెంటి మధ్యా నక్కీ అనేదే మీ పసుప్పచ్చ అక్షరాల డైలాగు. సౌండ్ ఆపేసి, నక్కీగా వేసిన స్టీవ్ బుషెమి మొహం ఒక్కసారి చూడండి. ఆ మొహంలో మాస్ ఎక్కడుంది? పని సగంలో ఆగిపోయి, ఎలాగోలా అవగొట్టేసి ఇంటికెళ్లాలనుకునేవాడి మొహం అది.

అసలు జిమ్మీ ఇతనికి ఏమవుతాడు? కొడుకులాంటివాడు అంటే చాలా తేలిగ్గా చెప్పినట్టు. పదమూడేళ్ల గిలియన్‌ని తీసుకెళ్లి ఊరి పెద్ద కమడోర్‌కి అప్పజెప్పింది నక్కీ. ఆ పాపానికి పుట్టినవాడు జిమ్మీ. వాణ్ని పెంచి, ప్రిన్స్‌టన్ కాలేజీకి పంపి, తర్వాత తన వ్యాపారంలో తిప్పుకున్నదీ ఇతనే. వాడు ఎదురుతిరిగాడు, నిజమే. చంపించబోయాడు, గుండు నక్కీ అరచేతిలోంచి దూసుకుపోయింది. కానీ ఆ కుట్రలో సొంత తమ్ముడు ఈలై కూడా ఉన్నాడు కదా? ఈలైకి జైలు. అదీ కొన్నాళ్లు, మాట్లాడుకుని. ఆ వానలో పక్కనే నిలబడి చూస్తుంటాడు కూడా. రక్తం పంచుకున్నవాడు మిగిలాడు, పెంచుకున్నవాడు పోయాడు. ఆ ఎపిసోడ్‌లోనే జిమ్మీ ఎన్ని చేశాడో లెక్కపెట్టండి. ఊళ్లోని నల్లవాళ్ల నాయకుడు చాకీ వైట్ మనుషుల్ని కాల్చిచంపిన కు క్లక్స్ క్లాన్ (నల్లవాళ్లంటే పడని తెల్లవాళ్ల ముఠా) వాళ్లని పట్టుకొచ్చి అప్పగించాడు, చచ్చినవాళ్ల కుటుంబాలకి డబ్బిచ్చాడు. నక్కీ మీద కేసు పోయేలా ఒక ఆల్డర్‌మన్‌తో (అంటే మన కౌన్సిలర్ లాంటివాడు) ఉత్తరం రాయించి, అది ఆత్మహత్య అనిపించేలా చంపేశాడు. ఇదేం ప్రాయశ్చిత్తమో నాకు తెలీదు కానీ, నక్కీ కోసమే చేశాడు. నక్కీ ఆ ఉత్తరం వాడుకున్నాడు, మనిషిని మాత్రం వాడుకోలేదు.

ఇంతకీ నా కోపం రీల్ మీద కాదు. రీల్ ఎక్కడ ఆగిపోయిందో దాని మీద.

వాన సీన్ తర్వాత నక్కీ ఇంటికొస్తాడు. ఇంట్లో మార్గరెట్ ఉంది. ఆ ఎపిసోడ్‌లోనే పెళ్లైంది ఇద్దరికీ, ప్రేమ పొంగి కాదు. భార్యని మొగుడికి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పమని కోర్టు బలవంతం చెయ్యలేదు కాబట్టి. జిమ్మీ సంగతి ఏమైందంటే, మళ్లీ ఆర్మీలో చేరిపోయాడని చెప్తాడు ఆవిడకి. అంతే. కాఫీలో చక్కెర సరిపోయిందా అన్నంత మామూలుగా. ఆవిడ కూడా మామూలుగానే వింటుంది. మార్గరెట్‌గా వేసిన కెల్లీ మక్డొనాల్డ్ మొహంలో ఏదో ఒక చిన్న తలుపు మూసుకున్నట్టు అవుతుంది, అంతకుమించి ఏమీ ఉండదు. ఎపిసోడ్ మొత్తంలో నాకు గుండె జారిపోయింది అక్కడ. దానికి బీజీఎం ఏం వేస్తారు?

ఆ అబద్ధం ఎందుకంత పెద్దదంటే, మొదటి ఎపిసోడ్‌కి వెళ్లండి. స్కోర్సేజీ తీసిన పైలట్. మద్యనిషేధం అమల్లోకి రాబోయే రోజులు. మద్యం వద్దనే ఆడవాళ్ల సంఘం మీటింగులో నక్కీ లేచి ఒక కథ చెప్తాడు. తండ్రి తాగుబోతు, చలికాలం, ఇంట్లో గింజ లేదు. చిన్న పిల్లాడు ఎలకల్ని కొట్టి తెచ్చి ఇంటిల్లిపాది కడుపు నింపాడు, ఆ పిల్లాణ్ని నేనే అంటాడు. హాల్లో అందరి కళ్లూ చెమరుస్తాయి. ఆ వరసల్లో కూర్చుని కళ్లనిండా నీళ్లతో వింటున్న ఒక కడుపుతో ఉన్న మనిషి మార్గరెట్. బయటికొచ్చాక జిమ్మీతోనే అంటాడు నక్కీ, రాజకీయాల్లో మొదటి రూలు ఏంటంటే మంచి కథకి నిజం అడ్డురాకూడదని. ఆ తర్వాత నేరుగా వెళ్లి, ఊరి పెద్దలతో గ్లాసులెత్తి నిషేధానికి చీర్స్ చెప్తాడు, ఎందుకంటే రేపట్నుంచి సీసా ధర ఎంత పెంచితే అంత.

అంటే మార్గరెట్ నక్కీ నోటి నుంచి విన్న మొదటి మాట అబద్ధం. దానికి ఏడ్చింది, నమ్మింది, వెళ్లి సాయం అడిగింది. ఆవిణ్ని కొట్టే మొగుడు హాన్స్‌ని నక్కీ చంపించాడు. శవం చేపల వలలో పైకొచ్చింది, దోపిడీ హత్యలన్నీ ఆ శవం మీదే రుద్దేశారు. ఇరవై నాలుగో ఎపిసోడ్‌లో మళ్లీ ఒక అబద్ధం. ఈసారి కథ కూడా కట్టలేదు, ఎలకలూ లేవు, చలికాలమూ లేదు. ఒక్క ముక్క. పెళ్లయ్యాక అబద్ధానికి అంత శ్రమ దేనికనుకున్నాడేమో.

ఆ కాలమే అలాంటిది లెండి. అమెరికా చట్టం మద్యం తయారుచేయొద్దు, అమ్మొద్దు, రవాణా చేయొద్దు అంది. తాగొద్దు అని మాత్రం అనలేదు. డాక్టరు చీటీ రాస్తే మందుల షాపులో విస్కీ ఇచ్చేవారు. చర్చికి ప్రార్థన కోసం వైన్ తెచ్చుకోవచ్చు. 1920 నుంచి 1933 డిసెంబరులో రద్దయ్యేదాకా దేశం దేశమంతా మొహం మామూలుగా పెట్టుకుని అబద్ధమాడటం ప్రాక్టీసు చేసింది.

మనకి మాత్రం తెలియదా? అక్కడ 1920 జనవరి 16 అర్ధరాత్రి దాటగానే నిషేధం అమల్లోకి వస్తే, మన దగ్గర ఎన్టీఆర్ నిషేధం కూడా జనవరి 16నే, 1995లో. డెబ్భై అయిదేళ్ల తేడా. దూబగుంట ఆడవాళ్లు సారా కొట్లు మూయించి మొదలుపెట్టిన పోరాటం అంతదాకా వచ్చింది. వాళ్ల గురించి నేను ఒక్క ముక్క కూడా తక్కువ చేసి మాట్లాడను. నేను చెప్తున్నది మగాళ్ల గురించి. మాది కాకినాడ. పక్కనే యానాం ఉంది, అది పాండిచ్చేరి కింద లెక్క, అక్కడ నిషేధం లేదు. ఆ రెండేళ్లలో మా కాకినాడ మగాళ్లలో ఎంత భక్తి పెరిగిందో చెప్పలేను. మా బాబాయి ప్రతి రెండో శనివారం స్కూటరేసుకుని ద్రాక్షారామం వెళ్లొస్తానని బయల్దేరేవాడు. బాబాయి పోయి ఆరేళ్లయింది కాబట్టి చెప్తున్నా. సాయంత్రం ఏడింటికి కళ్లెర్రగా వచ్చేవాడు. డిక్కీలో కొబ్బరికాయలు, వాటికింద తువ్వాలు, తువ్వాల్లో ఏముందో అందరికీ తెలుసు. ఒకసారి నేను అక్కడే ఉన్నా, సెలవులకి వెళ్లాను. పిన్ని గుమ్మంలో నిలబడి “ప్రసాదం ఏదండీ?” అంది. “దార్లో కోతులు లాక్కున్నాయి” అన్నాడు. పిన్ని నవ్వలేదు, తిట్టలేదు. లోపలికెళ్లి కంచం పెట్టింది. ఆ నెలలోనే, అమ్మమ్మ తనకి పెట్టిన కాసులపేరు తీసుకెళ్లి అమ్మమ్మగారింట్లో బీరువాలో పెట్టించేసింది. బాబాయికి ఆ సంగతి ఏడాదికి గానీ తెలియలేదు. తెలిసేసరికి నిషేధమే ఎత్తేశారు.

మార్గరెట్ చేసిందీ అదే. కేసులో జైలుకెళ్తానేమో అన్న భయంతో నక్కీ తన స్థలాలు ఆవిడ పేరు మీద రాసిపెట్టాడు. రోడ్డు రాబోతున్న స్థలం, వస్తే బంగారం. కూతురికి పోలియో వచ్చింది, అది తన పాపానికి శిక్షే అని ఆవిడ అప్పటికే కుమిలిపోతోంది. అటు నక్కీ పదిమందిని పోగేసి రోడ్డు వచ్చేస్తోందని సంబరం చేసుకుంటున్నాడు. ఇటు మార్గరెట్ బల్ల ముందు కూర్చుని, పెన్ను తీసుకుని, ఆ స్థలం మొత్తం చర్చికి రాసిచ్చేస్తుంది. అరుపుల్లేవు, నిలదీయడం లేదు. వానా లేదు. తుపాకీతో నక్కీ ఒక మనిషిని పోగొట్టుకున్నాడు, ఆ ఒక్క అబద్ధంతో ఇంటినీ భూమినీ కలిపి పోగొట్టుకున్నాడు. పైగా ఆ సంగతి ఇంకా తెలియదు పాపం.

ఇంకో గుంపు ఉంది. వాళ్ల గొడవ వేరే: జిమ్మీని చంపి షోని చంపేశారు అంటారు. వాళ్లతో నాకు సగం పేచీయే. మూడో సీజన్ మొదట్లో నాకూ ఇల్లు ఖాళీ అయినట్టే ఉండింది. బాబీ కనవాలే కొత్త విలన్ జిప్ రొసెట్టీగా రెచ్చిపోయి నటించాడు, ఎమ్మీ అవార్డు కూడా వచ్చింది, అయినా నాకు జిమ్మీ కూర్చునే కుర్చీయే కనపడేది. కానీ మొదటి ఎపిసోడ్‌లోనే జిమ్మీ నక్కీతో అంటాడు కదా, ఇక సగం గ్యాంగ్‌స్టర్‌గా ఉండటం కుదరదని. ఆ మాట అన్నవాడి మీదే అది నిజమవ్వాలి. వేరే ఎవరిని చంపినా నక్కీ పూర్తి గ్యాంగ్‌స్టర్ అయ్యేవాడు కాదు. కథ రాసిన టెరెన్స్ వింటర్ ఆ పని ఈలై చేతికో, నక్కీ అనుచరుడు ఓవెన్ చేతికో అప్పగించేసి ఉంటే మాత్రం నేను టీవీ కట్టేసేదాన్ని.

నక్కీ పాత్రకి మూలమైన అసలు మనిషి ఇనోక్ జాన్సన్ ఎవరినీ ఇలా కాల్చిచంపిన దాఖలా లేదు. ఎర్ర కార్నేషన్ పువ్వు కోటుకి పెట్టుకుని, రిట్జ్ హోటల్లో ఫ్లోరు మొత్తం అద్దెకి తీసుకుని దర్జాగా బతికాడు. 1941లో ఇన్‌కమ్ ట్యాక్స్ కేసులో పడ్డాడు. నాలుగేళ్లు జైల్లో ఉండొచ్చి, 1968 దాకా బతికాడు. టీవీ నక్కీకి అంత ఆయుష్షు ఇవ్వలేదు. 2014లో వచ్చిన ఆఖరి ఎపిసోడ్‌లో, 1931లో, బోర్డ్‌వాక్ మీదే కాల్చేస్తాడు ఒక కుర్రాడు. జిమ్మీ కొడుకు టామీ. ఆర్మీలో చేరాడని చెప్పిన ఆ నాన్న కొడుకు.

ఇదంతా గ్రూపులో టైపు చేస్తే మావాడు “అక్కా, చాలా పెద్దది, తర్వాత చదువుతా” అన్నాడు. పిన్ని మాత్రం ఫోన్ చేసింది. ఏంటమ్మా ఆ గొడవ, నాకూ చెప్పు అంటే, కుక్కర్ మూడు విజిల్స్ వచ్చేలోపు కథ మొత్తం చెప్పాను. వానలో చంపడం దగ్గర “అయ్యో” అంది. ఆర్మీ అబద్ధం దగ్గర ఏమీ అనలేదు. చివర్లో స్థలం సంగతి చెప్పగానే మధ్యలో ఆపింది.

“రిజిస్ట్రేషన్ అయిపోయిందా?”

“అయిపోయింది పిన్నీ. సంతకం పెట్టేసింది.”

“అయితే సరే,” అని స్టవ్ కట్టేసింది.