గండుపిల్లికి బార్లీ నీళ్ళా?

‘పెట్ డాక్టర్లు మీకు చెప్పని కిడ్నీ రహస్యాలు’ మెసేజ్ మళ్ళీ తిరుగుతోంది. అపార్ట్‌మెంట్ గ్రూపు, కాలేజీ గ్రూపు అయిపోయి, ఇప్పుడు మా పిన్ని వాళ్ళ భజన గ్రూపు దాకా పాకింది. ‘నీకు పిల్లులున్నాయి కదా, పనికొస్తుందని పంపా’ అంటారు. ప్రేమతోనే పంపుతారు కాబట్టి ఎవరినీ ఏమీ అనలేను. కానీ అందులో సగం మాటలు నవ్వి వదిలేయాల్సినవి, ఒక మాట మాత్రం నేరుగా పిల్లి ప్రాణం తీసేది. ఇకమీదట ఎవరు పంపినా ఇది తిరిగి పంపుతా.

ముందు చిల్లర సంగతులు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే మూత్రంలో రాళ్ళు వస్తాయట. ఆపరేషన్ వల్ల కాదు. ఆ తర్వాత ఆకలి పెరిగి, సోఫా దిగకుండా లావెక్కిన పిల్లులకు మూత్రం ఇబ్బందులు ఎక్కువ. గిన్నెలో వేసేది తగ్గించండి, సరిపోతుంది. కిడ్నీలు బాగుండాలంటే మాంసం మాన్పించి పెరుగన్నం పెట్టాలట. పిల్లి ఒంటికి టారిన్ అనే పోషకం అందకపోతే కళ్ళు, గుండె రెండూ పాడవుతాయి, అది దొరికేది మాంసంలోనే. జబ్బు వచ్చాక డాక్టర్ రాసే కిడ్నీ డైట్‌లో కూడా ముఖ్యంగా తగ్గించేది ఫాస్ఫరస్‌ను. పిల్లిని మడి కట్టించి కూర్చోబెట్టమని అందులోనూ ఉండదు.

కుక్కలకు కిడ్నీలు పోయేది టీకాల వల్లేనట! ఎలుకల మూత్రం కలిసిన వాననీళ్ళలో తిరిగిన కుక్కకు లెప్టోస్పైరోసిస్ వస్తే కిడ్నీలు, కాలేయం దెబ్బతింటాయి. ఆ జబ్బు దాన్నుంచి మనకూ అంటుకుంటుంది. దాన్ని ఆపడానికి ఏటా వేసే టీకానే వద్దంటున్నారు ఈ మహానుభావులు.

‘ముసలి పిల్లి నీళ్ళు బాగా తాగుతోందంటే కిడ్నీలు శుభ్రంగా ఉన్నట్టు.’ సరిగ్గా తలకిందులు. పదేళ్ళు దాటిన పిల్లి ఈమధ్య గిన్నె ఖాళీ చేసేస్తోందంటే, లిట్టర్‌లో (అది మూత్రం పోసే ఇసుకలో) ఉండలు పెద్దవవుతున్నాయంటే, కిడ్నీలు మూత్రాన్ని చిక్కబరచలేకపోతున్నాయేమోనని అనుమానించాలి. పోయే నీళ్ళను పూడ్చుకోవడానికే అది తాగుతోంది. ‘క్రియాటినిన్ నార్మల్ ఉంటే ఢోకా లేదు’ అన్నది ఇంకో మాట. క్రియాటినిన్ అంటే కిడ్నీలు బయటికి పంపాల్సిన వ్యర్థం, దాన్ని రక్తంలో కొలుస్తారు. కిడ్నీల పనిలో దాదాపు ముప్పాతిక వంతు పోయేదాకా క్రియాటినిన్ నార్మల్‌గానే కనిపించవచ్చు. అందుకే మూత్రం చిక్కదనం, బీపీ చూస్తారు, కిడ్నీల దెబ్బను ఇంకాస్త ముందే పట్టే ఎస్‌డీఎంఏ అనే రక్తపరీక్ష రాస్తారు. మెసేజ్ ‘డబ్బు గుంజే టెస్టులు’ అన్నది వీటినే.

ఇక అసలు విషయం. మూడో పాయింటు: ‘మగపిల్లికి మూత్రం ఆగితే కంగారు వద్దు. బార్లీ నీళ్ళు, కొండపిండి ఆకు కషాయం తాగిస్తూ రెండు రోజులు చూడండి. రాళ్ళు కరిగిపోతాయి. అప్పటికీ రాకపోతే పొట్ట మెల్లగా నొక్కండి.’

ఏ రాళ్ళు? గండుపిల్లి మూత్రనాళం చివరికొచ్చేసరికి బాగా సన్నబడుతుంది. జిగురూ సన్నటి స్ఫటికాలూ కలిసి అక్కడ గట్టిపడి అడ్డుపడతాయి. ఒక్కోసారి అదీ ఉండదు, నాళం వాచి బిగుసుకుపోతుంది. రాయే లేనప్పుడు కొండపిండి ఆకు దేన్ని కరిగిస్తుంది? పోనీ రాయే ఉందనుకుందాం. స్ట్రువైట్ రాయి దానికోసం చేసిన ఆహారంతో కరుగుతుంది, కానీ రోజులు, వారాలు పడుతుంది. కాల్షియం ఆక్సలేట్ రాయి ఏం పెట్టినా కరగదు. ఈలోపు మీరు సిరంజితో గొంతులో పోస్తున్న బార్లీ నీళ్ళన్నీ ఎక్కడికి చేరతాయి? బయటికి దారి లేని మూత్రాశయంలోకి.

ఎలా ఉంటుందో చెప్తా, గుర్తుపట్టడానికి పనికొస్తుంది. ట్రేలో కూర్చుంటుంది, లేస్తుంది, రెండడుగులు వేసి మళ్ళీ కూర్చుంటుంది. ఇసుక తడవదు, లేదంటే గులాబీ రంగు చుక్క ఒకటి. తర్వాత బాత్రూం మూల, డోర్‌మ్యాట్, మడతపెట్టిన బట్టలు. వెనక భాగం నాకుతూనే ఉంటుంది, మధ్యలో గొంతు మార్చి అరుస్తుంది. మలబద్ధకం అనుకుని ఆముదం పోసేది ఇక్కడే. కడుపు కింద చెయ్యి ఆనిస్తే బత్తాయికాయలా గట్టిగా తగులుతుంది. అదే మూత్రాశయం. దాన్ని నొక్కమంటున్నారు! పగిలితే మూత్రమంతా కడుపులోకి చేరుతుంది. అయినా, నొక్కితే వచ్చేదైతే పొద్దుటి నుంచి ముక్కుతున్న పిల్లికే వచ్చి ఉండేది కదా.

రెండు రోజులు చూస్తే ఏమవుతుందంటే, మూత్రంలో పోవాల్సిన పొటాషియం రక్తంలో పేరుకుంటుంది. మొదటి 24 గంటల్లోనే వాంతులు, తిండి మానేయడం మొదలవుతాయి. తర్వాత గుండె కొట్టుకోవడం నెమ్మదిస్తుంది, ఒళ్ళు చల్లబడుతుంది. పిల్లి ముక్కడం మానేసి ఒక మూల పడుకుంటుంది. ‘అమ్మయ్య, కషాయం పనిచేసింది’ అనుకునేది కూడా అప్పుడే. ఆ స్థితిలో కావాల్సింది గుండెను కాపాడే కాల్షియం ఇంజెక్షన్, సలైన్, మత్తిచ్చి మూత్రనాళంలోకి వేసే సన్నటి గొట్టం, అంటే క్యాథెటర్. అడ్డు తీశాక కూడా ఒకట్రెండు రోజులు ఆసుపత్రిలో ఉంచాలి. మూడో రోజున తీసుకెళ్తే ఇవేవీ పనిచేయకపోవచ్చు.

‘నొప్పికి పావు పారాసిటమాల్’ అట. మన ఇళ్ళలో ఉండేది 650 మాత్ర. నాలుగు కిలోల పిల్లికి పావు ముక్క అంటే కిలోకు 40 మిల్లీగ్రాములు. కిలోకు 10 మిల్లీగ్రాములకే విషమైన పిల్లులున్నాయి. ఆ మందును విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి దాదాపు లేదు. రక్తం ఆక్సిజన్ మోయలేక చిగుళ్ళు మట్టిరంగుకు తిరుగుతాయి, మొహం వాస్తుంది. కుక్కకైతే ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వేస్తే కిడ్నీలకే ఎసరు. డైక్లోఫెనాక్ వేసిన పశువుల కళేబరాలు తిని మన రాబందులు కిడ్నీలు చెడి కుప్పలుగా చచ్చిపోతే, పశువులకు ఆ మందు వాడకాన్ని 2006లో నిషేధించారు. ఈ మెసేజ్ రాసినవాళ్ళకు ఆ కబురు అందినట్టు లేదు.

ఆరో పాయింటు మాత్రం ఒప్పుకుంటాను: ‘మూత్రం సమస్య అనగానే యాంటిబయాటిక్ పొడిచేస్తారు, అనవసరం.’ నిజమే, అలా చేసేవాళ్ళున్నారు. వయసులో ఉన్న పిల్లికి మూత్రంలో నెత్తురు పడితే చాలాసార్లు అక్కడ బ్యాక్టీరియా ఉండదు. ఇల్లు మారడం, ఇంట్లోకి ఇంకో పిల్లి రావడం లాంటి టెన్షన్‌తో మూత్రాశయం వాస్తుంది. ఇన్ఫెక్షన్ ఎక్కువగా ముసలి పిల్లుల్లో, ఆడకుక్కల్లో చూస్తాం. అక్కడ కూడా వీలైతే యూరిన్ కల్చర్ (మూత్రంలో ఏ బ్యాక్టీరియా ఉందో చూసే పరీక్ష) చేయించి మందు రాయాలి. నీళ్ళు బాగా తాగించమని, తడి తిండి పెట్టమని మెసేజ్ చెప్పింది కూడా సరైన సలహానే. కాకపోతే అది దారి మూసుకోకముందు చేయాల్సిన పని.

‘రెండు రోజులు చూడండి’ని జనం ఎందుకు నమ్ముతారో కూడా నాకు తెలుసు. చిన్న ఊళ్ళో రాత్రి 11 గంటలకు పిల్లిని చూసేవాళ్ళు దొరకరు. గేదెలకు బ్రహ్మాండంగా వైద్యం చేసే ఆసుపత్రిలో పిల్లికి సరిపోయే సన్నటి క్యాథెటర్ ఉండకపోవచ్చు. రాజేంద్రనగర్, గన్నవరం, తిరుపతి వెటర్నరీ కాలేజీల ఆసుపత్రులు అందరికీ దగ్గర కావు. అందుకే ఇంట్లో మగపిల్లి ఉంటే, అది బాగున్నప్పుడే మీ డాక్టర్‌కు ఫోన్ చేసి రెండు అడిగి పెట్టుకోండి: పిల్లులకు వేసే క్యాథెటర్ మీ దగ్గరుందా, రాత్రిపూట ఎవరు చూస్తారు? లేదంటే ఏ ఊళ్ళో ఉందో ఆయన్నే అడగండి, సాధారణంగా వాళ్ళకు తెలిసే ఉంటుంది.