రోడ్డు మీద ఈదే సొరచేప గారికి

మహారాజశ్రీ సొరచేప గారికి నమస్కరించి రాయునది ఏమనగా,

ఇక్కడ మేమంతా క్షేమం. తమరి క్షేమం అడగక్కర్లేదు. ఏ హరికేన్ తుపాను వచ్చినా, ఏ నగరం మునిగినా, ముందు బాగుండేది మీరే. జనం పడవల కోసం, మందుల కోసం ఎదురుచూస్తుంటే మీరు మాత్రం కారు పక్కనే, వీపు మీది రెక్క నిక్కబొడుచుకుని, పెళ్ళివారిలా ఠీవిగా వెళ్తుంటారు. 2011 నుంచి ఫోన్లలో తిరిగే మీ ఫొటోలో ఒకే భంగిమ. ఇన్నేళ్ళుగా మెడ పట్టేయలేదా అని అడగబోయాను. మీకు మెడే లేదని గుర్తొచ్చి ఆగాను.

ముందు నా పరిచయం. 2017 ఆగస్టులో హార్వీ హరికేన్ అమెరికాలోని హ్యూస్టన్‌ని ముంచెత్తినప్పుడు మిమ్మల్ని మా కుటుంబ గ్రూపులోకి తోలుకొచ్చిన పుణ్యాత్ముణ్ణి నేనే. "ఫ్రీవే మీద సొరచేప! అందరూ జాగ్రత్త!" అని రాశాను కూడా. ఎవరిని జాగ్రత్తగా ఉండమన్నానో ఇప్పటికీ నాకు తెలీదు. ఆ గ్రూపులో ఒక్కరూ హ్యూస్టన్ దరిదాపుల్లో లేరు.

రెండు నిమిషాల్లో మా మేనకోడలు ఒక లింకు పెట్టింది. నొక్కి చూస్తే మీరే. అదే రెక్క, అదే వంపు, పక్కన అదే అల. ఊరు మాత్రం వేరు, ఏడాది 2011. "మామయ్యా, ఈయన ఆరేళ్ళుగా ఈదుతున్నాడు. పాపం, ఒడ్డు దొరకలేదేమో" అని కింద రాసింది. దానికి మా అన్నయ్య నవ్వు బొమ్మ పెట్టాడు. మా అన్నయ్య మామూలుగా దేనికీ నవ్వడు.

ఆ మంటతోనే మీ జాతకం తవ్వాను. మీరు అసలు పుట్టింది దక్షిణాఫ్రికా సముద్రంలో. టామస్ పెస్చాక్ అనే ఫొటోగ్రాఫర్ మిమ్మల్ని ఫిల్ము మీద తీశాడు. ముందు కయాక్ అనే పసుపు రంగు చిన్న పడవలో ఒక మనిషి, వెనక మీరు. ఆ మనిషి వెనక్కి తిరిగి మిమ్మల్ని చూస్తున్న ఆ చూపుకి ఏ శీర్షికా అక్కర్లేదు. 2005లో ఆఫ్రికా జియోగ్రాఫిక్ పత్రికలో ఆ ఫొటో అచ్చయింది. నికార్సైన ఫొటో. దాన్ని చూసి లోకం ఏమంది? "ఇదంతా ఫొటోషాప్" అంది. పాపం ఆయన ఎలా తీశాడో వివరంగా చెప్పుకోవాల్సి వచ్చింది.

కొన్నేళ్ళకి ఎవరో మహానుభావుడు అందులోంచి కయాక్‌నీ మనిషినీ తీసేసి, మిమ్మల్ని మాత్రం గోరుతో గిల్లినట్టు తీసుకుపోయి, ఐరీన్ హరికేన్ తర్వాత ప్యూర్టోరికో వీధి నీళ్ళలో అతికించాడు. అప్పుడు అదే లోకం "అమ్మో, నిజమే!" అంది. అసలుని దొంగ అన్నాం, దొంగని అసలు అన్నాం. ఈ విషయంలో మీ తప్పు పిసరంత కూడా లేదని మనస్ఫూర్తిగా ఒప్పుకుంటున్నాను.

ఎద్దు ఈనిందంటే దూడని గాటన కట్టెయ్యమన్నాడట వెనకటికొకడు. మాకు ఈ సామెత చిన్నప్పటి నుంచీ నోటికొచ్చు. అయినా ఎద్దు ఎలా ఈనుతుందని మాలో ఎవరూ అడగరు. ఒకసారి నిదానంగా ఆలోచిస్తే మీరు రోడ్డు మీద ఈదడంలో ఎన్ని చిక్కులున్నాయో! మీరు తెల్ల సొరచేప. పెరిగితే నాలుగు మీటర్లు. ఆ పొడవుకి తగ్గ పొట్ట కూడా ఉంటుంది కదా. కారు ఇంకా నడుస్తున్నంత లోతు నీళ్ళలో ఆ పొట్ట ఎక్కడ పెట్టుకున్నారు? పైగా కారులో ఉన్నాయన ఒక్క ఫొటో తీసి ఊరుకున్నాడా? పక్కన సొరచేప పోతుంటే నేనైతే ఫోనులో చోటు అయిపోయేదాకా తీస్తాను. వెనక కారువాడు తీయలేదు, మేడ మీదివాడు తీయలేదు. నగరం మొత్తంలో ఒకే ఒక్కడు, ఒకే ఒక్క ఫొటో. ఈ ప్రశ్నలకి కంప్యూటరు కూడా అక్కర్లేదు, కాస్త బద్ధకం వదిలితే చాలు.

కంప్యూటరు కావాలన్నా ఉంది. టిన్‌ఐ అనే సైటు 2008 నుంచీ ఇదే పని మీద ఉంది. ఫొటో ఇస్తే అది ఇంతకు ముందు ఎక్కడెక్కడ తిరిగిందో చెబుతుంది. గూగుల్ లెన్స్ ఫోనులోనే ఉంటుంది. టిన్‌ఐలో ఫలితాల్ని పాతవి ముందు వచ్చేలా పెట్టుకుంటే మీలాంటివాళ్ళ పుట్టుపూర్వోత్తరాలు బయటపడతాయి. నిన్నటి వరద ఫొటోకి ఆరేళ్ళ కిందటి తేదీ కనిపిస్తే ఇక మాట్లాడుకోవడానికేమీ ఉండదు. తెలివి మీరిన కొందరు ఫొటోని అద్దంలో చూసినట్టు కుడిఎడమలు మార్చి వదులుతారు, అప్పుడు వెతుకులాట తడబడుతుంది. మనమూ తిప్పి వెతకాలి. మొత్తం మీద రెండు నిమిషాల పని. అందరికీ పంపడానికి నాకు పట్టింది రెండు సెకన్లు. మీ వంశం వర్ధిల్లుతున్నది ఈ తేడా మీదే.

వంశం అన్నాను కదా, మీకో అన్నగారున్నారు. 2001లో హెలికాప్టర్ నిచ్చెనకి వేలాడుతున్న సైనికుడి మీదికి నీళ్ళలోంచి ఎగిరిన మహాశయుడు. నేషనల్ జియోగ్రాఫిక్ వాళ్ళ ఆ ఏటి మేటి ఫొటో అని ఆయన ఈమెయిళ్ళలో ఊరేగాడు. మాకూ దానికీ సంబంధం లేదని ఆ సంస్థే చెప్పుకోవాల్సి వచ్చింది. ఆ సొరచేపదీ దక్షిణాఫ్రికానే. హెలికాప్టర్ మాత్రం శాన్‌ఫ్రాన్సిస్కోది, వెనకాల గోల్డెన్ గేట్ వంతెన కనిపిస్తూనే ఉంది! మీ ఇంట్లో అందరికీ వీసా లేకుండా సముద్రాలు దాటే అలవాటు ఉన్నట్టుంది.

ఫొటోలో ఉన్నదాన్నే చదివి పట్టుకున్న కేసుల్లో నాకు బాగా నచ్చింది అదే ఏడాది చివర్లో తిరిగిన ఇంకో ఫొటో. న్యూయార్క్ జంట టవర్ల మీద ఒకతను నిలబడి ఉంటాడు, వెనక విమానం దూసుకొస్తుంటుంది. శిథిలాల్లో దొరికిన కెమెరాలోది అన్నారు. చదివినవాళ్ళ గుండె జారిపోయింది. కానీ కొందరు గుండెని కాసేపు పక్కన పెట్టి ఫొటోని చూశారు. సెప్టెంబరు ఎండలో ఈ చలికోటు ఏమిటి? విమానం తగిలింది ఉదయం 8.46కి, పైఅంతస్తులోకి సందర్శకుల్ని వదిలేది 9.30కి. మరి ఈయన ఎలా ఎక్కాడు? విమానం రకం కూడా కలవలేదు. చివరికి తేలింది, అది 1997లో అక్కడికి వెళ్ళిన హంగరీ పర్యాటకుడి ఫొటో. విమానాన్ని ఆయనే సరదాకి అతికించాడు, స్నేహితులకి పంపాడు. తర్వాత అది ఆయన చెయ్యి దాటిపోయింది.

మీ ఈత వేగం గురించి కూడా ఒక మాట. ట్విట్టర్‌లో పదేళ్ళకు పైగా తిరిగిన వార్తల్ని ఎంఐటీ పరిశోధకులు పరిశీలించి 2018లో సైన్స్ పత్రికలో రాశారు. నిజం కంటే అబద్ధాన్ని ఇంకొకరు పంచుకునే అవకాశం 70 శాతం ఎక్కువట. ఇదేదో యంత్రాలు చేసిన పని అనుకుని ఊరట పడబోయాను. యంత్రాల్ని లెక్కలోంచి తీసేసినా అంతేనట. అంటే ఇది మా స్వయంకృతం. మీరు రెక్క కదపక్కర్లేదు, మేమే మోస్తాం.

ఇప్పుడు మీ కుటుంబంలోకి కొత్త తరం వచ్చింది. వాళ్ళకి కత్తెర అక్కర్లేదు, అసలు ఫొటో కూడా అక్కర్లేదు. 2023 మార్చిలో అప్పటి పోప్ ఫ్రాన్సిస్ తెల్లటి ఉబ్బు కోటు వేసుకుని బయల్దేరాడు, మాట చెబితే బొమ్మ గీసిచ్చే ఏఐ ప్రోగ్రాం మిడ్‌జర్నీ కుట్టిన కోటు అది. నేను నమ్మాను, బాగుందనుకున్నాను కూడా. ఆ మే నెలలో అమెరికా రక్షణ శాఖ కార్యాలయం పెంటగన్ దగ్గర పేలుడు అంటూ నల్లటి పొగ ఫొటో వస్తే అమెరికా స్టాక్ మార్కెట్ కొద్ది నిమిషాలు తూలింది. దగ్గరగా చూస్తే కంచె ఊచలు గోడలో కలిసిపోయి ఉన్నాయి. వేళ్ళు లెక్కపెట్టండి, బోర్డు మీది అక్షరాలు చదవండి అని మా మేనకోడలు అప్పట్లో నేర్పింది. ఈ మధ్య అడిగితే "వేళ్ళు సరిగ్గానే వేస్తున్నాయి మామయ్యా, ఇప్పుడు అది పనిచేయదు" అంది. నేర్చుకున్న ఒక్క విద్యా అలా పోయింది. మీ విషయంలో పనికొచ్చిన పాత ప్రశ్న మాత్రం ఇంకా చెల్లుతోంది. అంత రద్దీ చోట పేలుడు జరిగితే రెండో ఫొటో ఏదీ?

అన్నట్టు వ్యంగ్య వార్తల్ని కూడా మీ ఖాతాలోనే వేసి తిడుతుంటారు చాలామంది. అది అన్యాయం. మీరు ఎవరో దాచుకుని తిరుగుతారు, అవి పేరు చెప్పుకునే తిరుగుతాయి. ది ఆనియన్ అనే అమెరికా పత్రిక పని పొద్దున్న లేస్తే వెక్కిరింతే. 2012లో అది ఉత్తర కొరియా నేత కిమ్ జోంగ్ ఉన్‌ని ఆ ఏడాది లోకంలోకెల్లా అందగాడని ప్రకటించింది. చైనా పీపుల్స్ డైలీ వెబ్‌సైటు దాన్ని భక్తితో స్వీకరించి, ఆయనవి 55 ఫొటోలు జోడించి మరీ వేసింది. ఆ 55 ఫొటోలు ఏరడానికి కూర్చున్న ఉద్యోగి మొహం నాకు తరచూ గుర్తొస్తుంటుంది. ఒక్కటి చూసినప్పుడైనా అనుమానం రాలేదా, వచ్చినా అడిగే వీల్లేకపోయిందా?

అంతకు ముందు, 1957 ఏప్రిల్ 1న బీబీసీ స్విట్జర్లాండులో స్పగెట్టీ చెట్ల కోతలు చూపించింది. స్పగెట్టీ అంటే పిండితో చేసే, సేమ్యాలాంటి తిండి. అంత పెద్దమనిషి గొంతుతో చెప్పేసరికి, ఆ చెట్టు ఎలా పెంచాలో చెప్పమని జనం ఫోన్లు చేశారు. ఇక్కడ నవ్వుకోవడానికి నాకు నోరు లేదు. సొరచేపని ఫ్రీవే ఎక్కించినవాణ్ణి నేను.

వ్యంగ్య వార్త తన ఇంట్లో ఉన్నంతసేపు జోకు. స్క్రీన్‌షాట్ తీయగానే పత్రిక పేరు, తేదీ, పక్కనున్న మిగతా వెర్రి శీర్షికలు అన్నీ తెగిపోతాయి. తల లేని మొండెం వచ్చి మన ఫోనులో పడుతుంది. అందుకే నేనిప్పుడు ఆ మొండెం ఎవరిదో వెతుక్కుంటూ దాని ఇంటికే వెళ్తున్నాను. పక్కనే "చంద్రుడు సెలవు పెట్టాడు, అమావాస్య పొడిగింపు" లాంటి వార్త ఉంటే పని అయిపోయినట్టే. లేకపోతే వాళ్ళ గురించి వాళ్ళేం రాసుకున్నారో చూస్తాను. దీన్ని అడ్డం పెట్టుకుని బతికేవాళ్ళూ ఉన్నారు లెండి. పచ్చి అబద్ధం రాసి, పేజీ అడుగున చీమతలంత అక్షరాల్లో "వ్యంగ్యం" అని పెడతారు. నవ్వు రాని చోట ఆ మాటొక్కటే ఉంటే అది వ్యంగ్యం కాదు, ముందస్తు బెయిలు.

ఇక అసలు సంగతి, ఇంత పెద్ద ఉత్తరం రాయడానికి కారణం. 2017 అవమానం తర్వాత నేను మా గ్రూపులో పరీక్షాధికారినయ్యాను. ఎవరేం పెట్టినా క్షణంలో "ఫేక్" అని తీర్పు. కొన్నిసార్లు చూసి చెప్పేవాణ్ణి. తర్వాత తర్వాత చూడకుండానే చెప్పడం వచ్చేసింది, అనుభవం కదా. 2022 సెప్టెంబరులో ఇయన్ హరికేన్ ఫ్లోరిడాని కొట్టినప్పుడు మా అన్నయ్య ఒక వీడియో పెట్టాడు. ఫోర్ట్ మైయర్స్‌లో ఇళ్ళ వెనక వరద నీళ్ళలో నల్లటి రెక్క ఒకటి కొట్టుకుంటోంది. నా ఆనందం మీరు ఊహించలేరు. అయిదేళ్ళు దాచుకున్న 2011 లింకు తీసి కొట్టాను. "అన్నయ్యా, మీరు కూడానా?" అని పక్కన ఒక మాట.

అది నిజం వీడియో. ఏపీ, అంటే అసోసియేటెడ్ ప్రెస్ వార్తా సంస్థ, అసలు ఫైలు తెప్పించుకుని, ఎప్పుడు తీశారో పరిశీలించి, నిజమైనదేనని తేల్చింది. ఆ చేప ఏమిటన్న దాని మీద మాత్రం నిపుణులు ఒక్క మాట మీద లేరు. చూస్తే పిల్ల సొరచేపలా ఉందని ఒకరు, చెప్పడం కష్టమని ఇంకొకరు. తీసినాయన లెక్కలో నాలుగడుగులు ఉంటుంది. బుల్ షార్క్ అనే రకం సొరచేపలు మంచినీళ్ళలో కూడా బతుకుతాయని నేను తెలుసుకున్నది ఆ రాత్రే.

నాన్నా పులి కథలో కుర్రాడు అబద్ధమాడాడు, ఊరు నమ్మలేదు. మా ఇంట్లో పులి అబద్ధమాడితే కుర్రాడు నమ్మాడు, అసలు పులి వస్తే ఆ కుర్రాడే ఇంటింటికీ తిరిగి పులి లేదని చాటింపు వేశాడు. పెస్చాక్ ఫొటోని ఫొటోషాప్ అని కొట్టిపారేసినవాళ్ళని పైన ఎంత సుఖంగా వెక్కిరించానో చూశారు కదా. వాళ్ళ వరసలో నాకూ ఒక కుర్చీ ఉంది. ఈసారి మేనకోడలు ఏమీ రాయలేదు, ఏపీ వార్త లింకు మాత్రం పెట్టింది. మా అన్నయ్య రెండోసారి నవ్వాడు. మూడు బొమ్మలు పెట్టాడు.

ఈ ఉత్తరాన్ని ఎవరో ఒకరు స్క్రీన్‌షాట్ తీసి, పై రెండు పేరాలు ఉంచి, "చేపకి ఉత్తరం రాసిన పిచ్చివాడు" అని తిప్పుతారని నాకు తెలుసు. అది తిరిగి తిరిగి మా గ్రూపుకే వస్తుందని కూడా తెలుసు. అప్పుడు నేనేమీ తీర్పు చెప్పను. అది నిజమే కాబట్టి.

తమరికి ఒక్క విన్నపం. తర్వాతి తుపానుకి మీరు రాక తప్పదు, కాదనను. వచ్చేటప్పుడు కనీసం తోకైనా ఇటు నుంచి అటు తిప్పండి. ఎన్నేళ్ళని అలాగే పెట్టుకుంటారు?

ఇట్లు,
2017లో తమర్ని మోసిన,
2022లో తమ బంధువుని కాదన్న,
ఒక మామయ్య