సవరణ: ఆ మాట అమెరికా రాజ్యాంగంలోది కాదు

మొన్న ఆదివారం పిల్లలకి అమెరికా తొలినాళ్ల చరిత్ర ఎలా చెప్పాలో రాస్తూ, జీవించే హక్కు, స్వేచ్ఛ, ఆనందాన్ని వెతుక్కునే హక్కు అనే మాట అమెరికా రాజ్యాంగంలో ఉందని, దాన్ని థామస్ జెఫర్సన్ (తర్వాత అమెరికా మూడో అధ్యక్షుడైనాయన) రాశాడని పెట్టాను. అది తప్పు, సరిగ్గా చూసుకోకుండా రాశాను. సోషల్ చెప్పే టీచర్ ఒకావిడ చెప్పాక, అమెరికా నేషనల్ ఆర్కైవ్స్ (ప్రభుత్వ పాత పత్రాలు భద్రపరిచే సంస్థ) వాళ్లు పెట్టిన స్వాతంత్ర్య ప్రకటన, రాజ్యాంగం రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివాను.

ఆ మాట ఉన్నది 1776 జులై 4న ఆమోదించిన స్వాతంత్ర్య ప్రకటనలో, దాని డ్రాఫ్ట్ రాసింది మాత్రం జెఫర్సనే. రాజ్యాంగం వేరు, అది 1787లో ఫిలడెల్ఫియాలో జరిగిన సమావేశంలో తయారైంది, అప్పుడు జెఫర్సన్ పారిస్‌లో రాయబారిగా ఉన్నాడు, ఆ సమావేశంలో లేనే లేడు, రాజ్యాంగం తయారీలో ముందుగా చెప్పుకోవాల్సిన పేరు జేమ్స్ మాడిసన్‌ది. రాజ్యాంగంలో దీనికి దగ్గరగా ఉండేది 1791లో వచ్చిన ఐదో సవరణ, కానీ అందులో ఆనందం లేదు, ప్రాణం, స్వేచ్ఛ, ఆస్తి అని ఉంటుంది.

ఈ తేడా పిల్లలకి తప్పకుండా చెప్పాలి, ఎందుకంటే ప్రకటన అనేది మేం బ్రిటన్ నుంచి ఎందుకు విడిపోతున్నామో చెప్పేది, రాజ్యాంగం అనేది దేశాన్ని నడిపే చట్టం. మనుషులంతా సమానం అని 1776లోనే రాసుకున్నారు కానీ బానిసత్వాన్ని రద్దు చేసిన 13వ సవరణ వచ్చింది 1865లో, ఆ మధ్యలో ఎన్నేళ్లు పట్టిందో పిల్లల చేతే లెక్క కట్టించండి. పాత పోస్ట్‌లో కూడా ఆ లైను మార్చేశాను.